గిటార్ సందేహాలు: కార్డ్ మారేటప్పుడు చెయ్యి ఎందుకు ఆగిపోతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఇబ్బంది గురించి రాశారు కాబట్టి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. జవాబుల్లో 1వ తీగ అంటే అన్నిటికన్నా సన్నది, 6వ తీగ అంటే అన్నిటికన్నా లావుది. కార్డ్ అంటే వేళ్ళతో ఒక ఆకారంలో తీగలు నొక్కి కలిపి మోగించే స్వరాల గుంపు. ఫ్రెట్ అంటే గిటార్ నెక్ (మెడ) మీద రెండు లోహపు కమ్మీల మధ్య ఉండే గడి. వేళ్ళు అన్నప్పుడల్లా ఫ్రెట్ల మీద నొక్కే చేతి వేళ్ళనే అనుకోండి.

ప్రశ్న: రెండు నెలలుగా నేర్చుకుంటున్నాను. జి, సి, డి, ఇ మైనర్ విడివిడిగా బాగానే పలుకుతున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కో వేలూ వెతుక్కుని పెట్టేసరికి పాట ముందుకు వెళ్ళిపోతోంది. వేళ్ళ వేగం పెరగాలంటే ఏం చెయ్యాలి?

వేగం సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ వేళ్ళకు నాలుగు కార్డులూ తెలుసు, వాటి మధ్య దారులు ఇంకా తెలియవు. నాలుగు కార్డులంటే ఆరు జంటలు. జి నుంచి సికి వెళ్ళే దారి వేరు, జి నుంచి డికి వెళ్ళే దారి వేరు. ప్రతి జంటనూ ఒక కొత్త పాఠంలా విడిగా నేర్చుకోవాలి. జి కార్డును వందసార్లు పట్టి వదిలినంత మాత్రాన జి నుంచి సికి వెళ్ళడం రాదు.

ఏ జంట తీసుకున్నా ముందు తీగ మీటకుండా కూర్చుని మూడు విషయాలు చూడండి. రెండు కార్డుల్లోనూ కదలనక్కర్లేని వేలు ఏదైనా ఉందా? లేకపోతే, అదే తీగ మీద ముందుకో వెనక్కో జరిగితే సరిపోయే వేలు ఉందా? అదీ లేకపోతే, రెండు మూడు వేళ్ళు ఒకే ఆకారంలో కలిసి పక్క తీగలకు జరుగుతాయా?

ఏ మైనర్ నుంచి సికి వెళ్ళడం చూడండి. ఏ మైనర్‌లో చూపుడు వేలు 2వ తీగ 1వ ఫ్రెట్‌లో, మధ్య వేలు 4వ తీగ 2వ ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు 3వ తీగ 2వ ఫ్రెట్‌లో ఉంటాయి. సిలో మొదటి రెండూ అక్కడే ఉంటాయి, ఉంగరపు వేలు ఒక్కటే 5వ తీగ 3వ ఫ్రెట్‌కి వెళ్తుంది. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళు మూడు వేళ్ళూ ఎత్తేసి మళ్ళీ పెడతారు. ఒక్క వేలి పనికి మూడు వేళ్ళు కష్టపడుతున్నాయన్నమాట. ఏ మైనర్ నుంచి ఇ మేజర్‌కి వెళ్ళేటప్పుడైతే మూడు వేళ్ళూ అదే ఆకారంలో ఒక్కో తీగ చొప్పున లావు తీగల వైపు జరుగుతాయి. ఆకారం చెదరకుండా చేతిని మొత్తంగా జరపండి.

ఇక మీ నాలుగు కార్డులు. జిని చాలామంది మధ్య వేలు 6వ తీగ మీద, చూపుడు వేలు 5వ తీగ మీద పెట్టి నేర్చుకుంటారు. దాన్నుంచి సికి వెళ్ళాలంటే మూడు వేళ్ళూ చెల్లాచెదురవుతాయి. అదే జిని ఉంగరపు వేలు 6వ తీగ 3వ ఫ్రెట్, మధ్య వేలు 5వ తీగ 2వ ఫ్రెట్, చిటికెన వేలు 1వ తీగ 3వ ఫ్రెట్‌గా పట్టుకోండి. సికి వెళ్ళేటప్పుడు ఉంగరపు వేలు, మధ్య వేలు రెండూ కలిసి ఒక్క తీగ జరుగుతాయి, చిటికెన వేలు లేస్తుంది, చూపుడు వేలు 2వ తీగ మీద వాలుతుంది. ఇ మైనర్‌ని మధ్య వేలు 5వ తీగ మీద, ఉంగరపు వేలు 4వ తీగ మీద పెట్టి పట్టుకుంటే, జి నుంచి దానికి వెళ్ళేటప్పుడు మధ్య వేలు అసలు కదలదు. చిటికెన వేలికి మొదట్లో బలం ఉండదు, రెండు మూడు వారాలు గునుస్తుంది. ఆ కష్టం పడటం మంచిదే అని మా అభిప్రాయం.

మీకు డి ఎక్కువగా వచ్చే పాటలైతే ఇంకో పద్ధతి ఉంది. జిలో మధ్య వేలు 6వ తీగ 3వ ఫ్రెట్, చూపుడు వేలు 5వ తీగ 2వ ఫ్రెట్, ఉంగరపు వేలు 2వ తీగ 3వ ఫ్రెట్, చిటికెన వేలు 1వ తీగ 3వ ఫ్రెట్. ఇలా పడితే డికి వెళ్ళినా ఉంగరపు వేలు ఉన్నచోటే ఉంటుంది. మామూలు సి బదులు సి యాడ్ 9 పట్టుకుంటే మధ్య వేలు, చూపుడు వేలు ఒక్కో తీగ సన్న తీగల వైపు జరుగుతాయి, మిగతా రెండూ కదలవు. ఇ మైనర్ బదులు ఇ మైనర్ 7 పట్టుకున్నా ఉంగరపు వేలిది అదే చోటు. అంటే నాలుగు కార్డుల పాట మొత్తం ఉంగరపు వేలు ఎత్తకుండా వాయించవచ్చు. ఇది దొడ్డిదారి కాదు, అనుభవం ఉన్నవాళ్ళూ రోజూ వాడే పద్ధతే. కాకపోతే మామూలు సి కూడా నేర్చుకోండి, అది తప్పనిసరిగా కావాల్సి వస్తుంది.

ఉమ్మడి వేలు ఏదీ లేని జంటలు కొన్ని ఉంటాయి. సి నుంచి డి అలాంటిదే, మూడు వేళ్ళూ ఎగరాల్సిందే. అక్కడ ఉంగరపు వేలిని నాయకుడిగా పెట్టుకోండి. అది 5వ తీగ నుంచి 2వ తీగకు, మూడు తీగల దూరం వెళ్ళాలి. అది బయలుదేరగానే మిగతా రెండూ దాని పక్కన సర్దుకుంటాయి.

ప్రశ్న: కార్డ్ మార్పులు సాధన చెయ్యడానికి రోజూ ఎంతసేపు కూర్చోవాలి? అరగంట చేసినా పెద్దగా తేడా కనిపించడం లేదు.

ఏకబిగిన అరగంట వద్దు. పదో నిమిషం దాటాక చెయ్యి అలిసి, అలిసిన చెయ్యి తప్పుడు దారులే అలవాటు చేసుకుంటుంది. 5 నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు గిటార్ పట్టుకోవడం అంతకన్నా మేలు. అందుకే గిటార్‌ని పెట్టెలో దాచకుండా చేతికందేచోట నిలబెట్టుకోండి.

ఒక జంట తీసుకుని గడియారం పెట్టుకోండి. 60 సెకన్లలో ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. సి నుంచి ఏ మైనర్‌కి వెళ్తే ఒకటి, తిరిగి సికి వస్తే రెండు. ప్రతిసారీ ఒక్కసారి మీటితే చాలు. అంకెను తేదీతో సహా రాసిపెట్టుకోండి. మొదటి రోజు 12 వచ్చినా బెంగ పడనక్కర్లేదు. నిమిషానికి 80 దెబ్బల వేగంతో నడిచే నాలుగు దెబ్బల తాళంలో, ఆవృత్తానికి ఒక కార్డ్ చొప్పున ఉంటే, పాటకు కావాల్సింది నిమిషానికి 20 మార్పులే. ఆవృత్తానికి రెండు కార్డులుంటే 40. కసరత్తులో 60 దాటితే పాటలో ఊపిరి తీసుకునే వీలుంటుంది. దాటిన జంటను వదిలేసి కొత్తది తీసుకోండి. ఒక్క రోజులో మూడు జంటలకు మించి పెట్టుకోవద్దు.

ఈ లెక్కలో ఒక ప్రమాదం ఉంది. అంకె పెంచాలన్న తొందరలో తీగలు బొయ్‌మంటున్నా పట్టించుకోకపోవడం. అందుకే రోజూ గడియారం పెట్టే ముందు ఒక నిమిషం దీనికి వ్యతిరేకంగా చెయ్యండి. గడియారం లేకుండా, వీలైనంత నెమ్మదిగా, ఒక్క పొరపాటూ లేకుండా పదిసార్లు మారండి. ఎంత నెమ్మదిగా అంటే వేలు గాలిలో ఉండగా ఎటు పోతోందో మీకు కనబడాలి. అంకె పెరగడం ఆగిపోయినప్పుడల్లా ఈ నెమ్మది సాధనే దాన్ని మళ్ళీ కదిలిస్తుంది.

దీంతోపాటు పట్టి వదిలే కసరత్తు ఒకటి. కార్డ్ పట్టి మీటండి. వేళ్ళు తీగల మీదే ఉంచి ఒత్తిడి మాత్రం వదలండి, మళ్ళీ నొక్కండి. అలా ఐదుసార్లు అయ్యాక వేళ్ళను తీగల నుంచి అర సెంటీమీటర్ ఎత్తి, ఆకారం చెదరకుండా దించండి. తరవాత 3 సెంటీమీటర్లు. చివరికి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టి, అక్కడినుంచి తిన్నగా కార్డ్ మీదకు రండి. ఏ మెట్టు దగ్గర ఆకారం చెదురుతోందో ఆ మెట్టు మీదే ఆ రోజు ఆగండి.

ప్రశ్న: కార్డ్ మారేటప్పుడు మీటే చెయ్యి దానంతట అదే ఆగిపోతోంది. ఆపకూడదని తెలుసు, కానీ ఆగుతోంది.

కార్డ్ పూర్తిగా పడేదాకా మీటే చెయ్యి కాచుకుని ఉండటం అలవాటైంది. ఇప్పుడు పెత్తనం మీటే చేతికి ఇవ్వాలి. అది లోలకంలా ఊగుతూనే ఉంటుంది, నొక్కే చెయ్యి అందుకోగలిగితే అందుకుంటుంది, లేకపోతే ఆ ఒక్క దెబ్బ చెడుతుంది. వినేవాళ్ళకు చెడిన స్వరం వెంటనే మరుపుకొస్తుంది. తాళం తప్పితే మాత్రం పాట మొత్తం కుంటినట్టు ఉంటుంది.

మెట్రోనోమ్‌ని (తాళం దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి 50 దెబ్బల మీద పెట్టండి. నాలుగు దెబ్బల్లో మొదటిదాని మీద మాత్రమే మీటండి. ఒక దెబ్బ 1.2 సెకన్లు కాబట్టి మారడానికి 3.6 సెకన్లు దొరుకుతుంది, ఎంత కొత్తవాళ్ళకైనా చాలు. నాలుగు ఆవృత్తాలు తడబడకుండా వచ్చాక 1, 2 దెబ్బల మీద మీటండి. ఆపైన 1, 2, 3. చివరికి నాలుగూ. ఇక్కడికి వచ్చాకే వేగం 55 చెయ్యండి. ఒకేసారి 50 నుంచి 70కి దూకితే మొదటికే మోసం వస్తుంది.

కిందికీ పైకీ మీటే దశలో ఇంకో వెసులుబాటు ఉంది. నాలుగో దెబ్బ తరవాత వచ్చే పైమీటుకు ముందే వేళ్ళు ఎత్తేసి, ఆ మీటును ఖాళీ తీగల మీద పడనివ్వండి. 80 వేగంలో అది 0.375 సెకన్లు, కానీ వేళ్ళు గాలిలో దారి మార్చుకోవడానికి సరిపోతుంది. పైమీటులో తగిలేవి సన్న తీగలు మూడే. ఆ ఖాళీ స్వరాలు జి, బి, ఇ కాబట్టి జి, సి శ్రుతుల్లోని పాటల్లో చక్కగా ఇమిడిపోతాయి. ఏ మేజర్, ఇ మేజర్ శ్రుతుల్లో మాత్రం 3వ తీగ ఖాళీగా మోగితే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ మీటే చెయ్యి తీగలకు తగలకుండా గాలిలోనే పైకి వెళ్ళాలి.

ప్రశ్న: వేళ్ళన్నీ ఒకేసారి వాలాలా, ఒకదాని తరవాత ఒకటి పెట్టవచ్చా?

చివరికి ఒకేసారి వాలాలి, అక్కడికి చేరేదాకా ఒక క్రమం ఉండాలి. చాలామంది చూపుడు వేలితో మొదలుపెడతారు. సి కార్డ్‌లో చూపుడు వేలిది 2వ తీగ. కింది మీటు మొదట తగిలేది 5వ తీగకు, అంటే ఉంగరపు వేలికి. చివర అవసరమయ్యే వేలు ముందొచ్చి, ముందు కావాల్సిన వేలు చివరికి వస్తోంది. క్రమాన్ని తిరగెయ్యండి: లావు తీగ మీది వేలు ముందు, సన్న తీగ మీదిది తరవాత. ఉంగరపు వేలు పడగానే మీటు మొదలైపోయినా, అది సన్న తీగల దాకా వచ్చేలోపు మిగతావి చేరతాయి. కొన్ని వారాలకు ఆ మధ్య దూరం తగ్గి తగ్గి మూడూ కలిసిపోతాయి. సి నుంచి డి లాంటి చోట్ల మాత్రం, ముందు చెప్పినట్టు, దూరం వెళ్ళాల్సిన వేలిదే మొదటి అడుగు.

ప్రశ్న: నెమ్మదిగా పెడితే కార్డ్ శుభ్రంగా ఉంటుంది. మార్పులో పెడితే ఒకటి రెండు తీగలు మూగబోతున్నాయి.

మారగానే ఆపి ఒక్కో తీగనూ విడిగా మీటి ఏది మూగబోయిందో కనుక్కోండి. సిలో సాధారణంగా 1వ తీగ, చూపుడు వేలి కడుపు దానికి ఆనుతుంది. డిలోనూ 1వ తీగే, ఈసారి నేరం ఉంగరపు వేలిది. జిలో 4వ తీగ, 5వ తీగ మీది వేలు ఒరిగిపోవడం వల్ల.

తొందరలో వేలి చివరి కణుపు లోపలికి కుంగిపోతుంది, వేలు మొనతో కాక మెత్తతో వాలుతుంది. గోళ్ళు పెరిగితే మొన మీద నిలబడటం అసలే కుదరదు, నొక్కే చేతి గోళ్ళు పూర్తిగా కత్తిరించండి. బొటన వేలిని నెక్ వెనక, మధ్య వేలికి ఎదురుగా ఉంచితే వేళ్ళు వంపు తిరిగి నిటారుగా దిగుతాయి. మోచెయ్యి ఒంటికి అంటుకుని ఉంటే కొంచెం దూరం జరపండి. వేలు ఫ్రెట్ లోహపు కమ్మీకి వీలైనంత దగ్గర పడాలి, దాని మీద మాత్రం కాదు. దూరంగా పడితే బలం రెట్టింపు కావాలి, అయినా బరబరమంటుంది.

ఎంత బలం కావాలో తెలియాలంటే వేలిని తీగకు ఊరికే తాకించి, మీటుతూ, కొద్దికొద్దిగా నొక్కుతూ రండి. ధ్వని తేటపడిన క్షణం దగ్గర ఆగండి. అక్కడినుంచి ఎక్కువ నొక్కిందంతా వృథా. వృథాయే కాదు, గట్టిగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది, వేలు లేవడానికీ ఆలస్యమవుతుంది. మార్పులు మెత్తగా రాకపోవడానికి ఈ అతి ఒత్తిడే పెద్ద కారణం.

ప్రశ్న: వేలి మొనలు మండిపోతున్నాయి. నా తప్పా, గిటార్ తప్పా?

మొనల్లో మంట మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడి తగ్గుతుంది. స్నానం చేసిన వెంటనే, చర్మం నానినప్పుడు వాయించవద్దు. మణికట్టులో నొప్పి, వేళ్ళలో తిమ్మిరి వస్తే మాత్రం అది వేరే సంగతి. ఆపెయ్యండి, తగ్గకపోతే వైద్యులకు చూపించండి.

గిటార్‌నీ ఒకసారి పరీక్షించండి. 12వ ఫ్రెట్ కమ్మీ పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య ఎత్తు కొలవండి. ఉక్కు తీగల గిటార్‌కు 6వ తీగ దగ్గర సుమారు 2.5 మిల్లీమీటర్లు, 1వ తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు సౌకర్యం. 3.5 దాటితే ఎవరికైనా కష్టమే. తరవాత తీగను 2, 3 ఫ్రెట్ల కమ్మీల మధ్య నొక్కి 1వ ఫ్రెట్ కమ్మీ పైన సందు చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు. మందపాటి అట్ట దూరేలా ఉంటే నట్ (నెక్ చివర, తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాళ్ళు లోతు చాలవు, మొదటి ఫ్రెట్లలో పట్టే కార్డులన్నీ అనవసరంగా బరువవుతాయి. ఆ గాళ్ళను మీరే అరగదియ్యవద్దు. ఒక వెంట్రుకవాసి ఎక్కువ పోతే ఖాళీ తీగ బరబరమంటుంది, గిటార్ మరమ్మతు తెలిసినవాళ్ళ చేత చేయించండి. తీగలు 12 నంబరు మందంవైతే ఇంకా సన్నవైన 11కో 10కో మార్చినా చెయ్యి తేలికపడుతుంది.

ఈలోగా తీగలన్నీ రెండు అర స్వరాలు దించి శ్రుతి చేసి, 2వ ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే బిగింపు) పెట్టుకోండి. శ్రుతి మామూలుగానే వస్తుంది, తీగలు మెత్తబడతాయి, ఫ్రెట్ల మధ్య ఎడం కూడా తగ్గుతుంది.

ప్రశ్న: సి నుంచి ఎఫ్‌కి ఎలా వెళ్ళాలి? ఎఫ్ వచ్చినప్పుడల్లా పాట ఆపేస్తున్నాను.

పాట ఆపకండి, చిన్న ఎఫ్‌తో మొదలుపెట్టండి. సి పట్టుకుని చూపుడు వేలు కదపకుండా మధ్య వేలిని 3వ తీగ 2వ ఫ్రెట్‌కి, ఉంగరపు వేలిని 4వ తీగ 3వ ఫ్రెట్‌కి జరపండి. రెండూ ఒక్కో తీగే జరిగాయి. 4 నుంచి 1 వరకు తీగలు మీటితే అది ఎఫ్ మేజర్ 7, చాలా పాటల్లో ఎఫ్ బదులు సరిపోతుంది. అది అలవాటయ్యాక చూపుడు వేలిని వాల్చి 1, 2 తీగలు రెండూ నొక్కితే అసలు ఎఫ్.

ఆరు తీగల పూర్తి బార్ కార్డ్‌కి వచ్చేసరికి చాలామంది చూపుడు వేలితో ఆరు తీగలనూ సమానంగా నొక్కాలని పెనుగులాడతారు. 5, 4, 3 తీగలను మిగతా వేళ్ళు ఎలాగూ నొక్కుతున్నాయి. చూపుడు వేలు శుభ్రంగా పలికించాల్సింది 6, 2, 1 తీగలనే. వేలిని బొటన వేలి వైపు అంచు మీదకు కాస్త దొర్లిస్తే ఎముక తగులుతుంది, పట్టు దొరుకుతుంది. ఈ ఆకారాన్ని ముందు 5వ ఫ్రెట్ దగ్గర నేర్చుకోండి, అక్కడ అది ఏ మేజర్. నట్‌కి దూరం కాబట్టి తీగ సులువుగా దిగుతుంది. వారానికి ఒక ఫ్రెట్ చొప్పున వెనక్కి వచ్చి, చివరికి 1వ ఫ్రెట్ చేరండి.

ప్రశ్న: వేళ్ళను చూడకుండా మారడం ఎప్పుడు వస్తుంది?

చూడటం తప్పేమీ కాదు. ఎత్తే వేలిని కాక, అది దిగాల్సిన చోటును ముందే చూడండి. ఒక జంట 60 దాటాక కళ్ళు మూసుకుని చెయ్యండి. తొలిరోజు తప్పుతుంది, నాలుగైదు రోజులకు కుదురుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. చెయ్యి చిన్నది, జి కార్డ్ అందడం లేదు. ఇంకా ఆగమంటారా?

ఆగనక్కర్లేదు. ముప్పావు సైజు, నైలాన్ తీగల గిటార్ ఇవ్వండి. నైలాన్ తీగల గిటార్‌కి మాత్రం ఎప్పుడూ ఉక్కు తీగలు కట్టవద్దు, ఆ బిగువుకు పైచెక్క ఉబ్బి బ్రిడ్జ్ (పైచెక్క మీద తీగలు కట్టే పట్టీ) ఊడిపోవచ్చు.

కార్డులు మూడు సన్న తీగలతో మొదలుపెట్టించండి. 2వ తీగ 1వ ఫ్రెట్‌లో ఒక్క వేలు పెట్టి 3, 2, 1 తీగలు మీటితే అది సి. అదే వేలు 1వ తీగ 1వ ఫ్రెట్‌కి జరిగితే జి 7. 1వ తీగ 3వ ఫ్రెట్‌లో ఉంగరపు వేలు పెట్టి 4 నుంచి 1 వరకు మీటితే జి. సి, జి 7 మధ్య ఒక్క వేలు ఒక్క తీగ జరిగితే చాలు కాబట్టి తాళం తప్పకుండా మారడం మొదటి వారంలోనే రుచి చూస్తుంది. మీరు పక్కన కూర్చుని నాలుగు లెక్కపెడుతూ చప్పట్లు కొట్టండి, నాలుగు దెబ్బలకు ఒకసారి మారమనండి. చిటికెన వేలు సాగాక, ఏ మైనర్ నుంచి మొదలుపెట్టి పూర్తి కార్డులు ఒక్కొక్కటే చేర్చండి, జిని చివరకు ఉంచండి.